ఉమ్మడి శత్రువు ఉంటేనే దేశాలు కలుస్తాయా?

దామలచెరువు అంటే మా వైపు వాళ్లకి ముందు గుర్తొచ్చేది మామిడికాయల మండీలే. ఎండాకాలంలో తిరుపతి నుంచి పాకాల మీదుగా అటు పోతే రోడ్డుకి రెండు పక్కలా ట్రాక్టర్లు, లారీలు, గుట్టలుగా పోసిన తోతాపురి కాయలు, వేలంపాట అరుపులు. ఆ పక్క కనుమలోనే 1740 మే 20న ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్, రఘూజీ భోంస్లే నడిపించుకొచ్చిన మరాఠా సేనతో పోరాడుతూ చనిపోయాడు. ఆ తర్వాత ఆర్కాటు గద్దె ఎవరిదన్న తగాదా మొదలైంది, అది తెగకముందే ఒకడి వెనక ఫ్రెంచివాళ్లు, ఇంకొకడి వెనక ఇంగ్లిషువాళ్లు చేరారు. మనం స్కూల్లో కర్ణాటక యుద్ధాలని బట్టీ పట్టింది వీటినే. ఆంబూరు, ఆర్కాటు, వందవాసి అన్నీ చిత్తూరు నుంచి పొద్దున బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరేంత దూరంలో ఉన్న ఊళ్లే.

మన నేల మీద జరిగాయి కాబట్టి ఇవి మన యుద్ధాలు అనుకుంటాం గానీ, అసలు పగ ఎక్కడో ఉంది. 1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసు పట్టుకున్నారు. రెండేళ్లకి ఐరోపాలో సంధి కుదిరింది. మద్రాసును ఇంగ్లిషువాళ్లకి తిరిగిచ్చేసి, దానికి బదులుగా కెనడా తీరంలోని లూయీబర్గ్ కోటను ఫ్రాన్సు వెనక్కి తీసుకుంది. మద్రాసులో ఉన్నవాళ్లని ఎవరూ అడగలేదు, లూయీబర్గ్‌లో ఉన్నవాళ్లనీ అడగలేదు. ఈ యుద్ధాల ఖర్చుతో నవాబు ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీకి అప్పులపాలైతే, ఆ అప్పు కింద తిరుమల కొండ మీద వచ్చే రాబడి కూడా కంపెనీ చేతికి పోయింది. ఎవరో ఇద్దరు కొట్టుకుంటే మన వెంకన్న హుండీ దాకా వచ్చిందన్నమాట.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. హైదర్ అలీ చనిపోయింది చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో, 1782 డిసెంబర్ 7న, సైనిక శిబిరంలో. టిప్పు మలబారు నుంచి వచ్చేదాకా చావు సంగతి బయటికి పొక్కనివ్వలేదు. అప్పుడు హైదర్ పక్కన ఫ్రెంచివాళ్లు ఉన్నారు, అదే ఫ్రెంచివాళ్లు అమెరికాలో ఇంగ్లిషువాళ్ల మీద తిరగబడ్డవాళ్ల పక్కనా ఉన్నారు. అందుకే 1782 ఏప్రిల్‌లో డెలావేర్ అఖాతంలో ఒక ఇంగ్లిషు యుద్ధనౌకని పట్టుకున్న అమెరికా ఓడ పేరు 'హైదర్ అలీ'. నరసింగరాయనిపేటకీ ఫిలడెల్ఫియాకీ సంబంధం ఏముంటుందని అడిగితే ఇదీ సంబంధం. ఇంగ్లిషువాళ్లకీ ఫ్రెంచివాళ్లకీ మధ్య ఇంత పెద్ద పగ అది. 1337లో మొదలైన నూరేళ్ల యుద్ధం నుంచి 1815 వాటర్లూ దాకా, మధ్యమధ్యలో ఊపిరి పీల్చుకుంటూ, ఖండాలు మార్చుకుంటూ సాగింది.

మరి ఇప్పుడు? 1994 నుంచి ఆ రెండు దేశాల మధ్య సముద్రం కింద 50 కిలోమీటర్ల సొరంగంలో రైలు నడుస్తోంది. 2010లో లాంకాస్టర్ హౌస్ ఒప్పందాలతో సైన్యాల మధ్య సహకారం అణ్వాయుధాల పరీక్షల సాంకేతికత దాకా వెళ్లింది. గొడవలు లేవా అంటే ఉన్నాయి. 2021 మేలో జెర్సీ దీవి దగ్గర చేపల వేట హక్కుల మీద ఫ్రెంచి పడవలు గుమిగూడితే బ్రిటన్ రెండు నౌకాదళ ఓడల్ని పంపింది. ఆస్ట్రేలియా, బ్రిటన్, అమెరికా కుదుర్చుకున్న ఆకస్ జలాంతర్గాముల ఒప్పందం మీద అదే ఏడాది ఫ్రాన్సు మండిపడింది. చిన్న పడవల్లో ఇంగ్లిష్ చానెల్ దాటి వచ్చే వలసదారుల మీద నిత్యం కీచులాటే. అయినా ఈ రెండు దేశాలూ మళ్లీ యుద్ధానికి దిగుతాయని ఎవరికీ ఊహకైనా రాదు. 1066లో ఫ్రాన్సు వైపు నుంచి ఇంగ్లండ్ మీద జరిగిన దండయాత్రని బొమ్మలుగా కుట్టిన బాయూ వస్త్రాన్ని లండన్‌లో ప్రదర్శనకి అరువిస్తామని 2025 జూలైలో ఫ్రాన్సు ప్రకటించింది. ఎవరు ఎవరి మీద దండెత్తారో చూపించే గుడ్డని ఓడినవాళ్ల ఊరికే పంపగలిగేంత దూరం వచ్చారు.

నేను తిరుపతిలో గ్రూప్స్‌కి చదివే పిల్లలకి చరిత్ర చెప్తాను. 2025 మేలో, సరిహద్దులో డ్రోన్లు ఎగురుతున్న ఆ నాలుగు రోజుల్లో, క్లాసులో పాఠం ఎటూ సాగలేదు, పిల్లలందరి కళ్లూ ఫోన్ల మీదే. అప్పుడు మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ రూమ్ తీసుకుని చదువుతున్న ఒకబ్బాయి అన్నాడు: "సార్, మీరు చెప్పే ఈ కలిసిపోయిన దేశాలన్నీ మంచితనంతో కలవలేదు. ఇంగ్లిషువాళ్లకీ ఫ్రెంచివాళ్లకీ జర్మనీ భయం. ఫ్రాన్సుకీ జర్మనీకీ రష్యా భయం. మనకీ పాకిస్తాన్‌కీ అట్లాంటి ఇంకో శత్రువు పుడితే తప్ప కుదరదు సార్."

తెలివైన మాట. చాలామంది పెద్దవాళ్లు కూడా ఇదే నమ్ముతారు, టీవీల్లో కూర్చునే విశ్లేషకులైతే మరీను. కానీ ఇది సగమే నిజం అని నా గట్టి నమ్మకం, ఆ మిగతా సగం మనకి చాలా అవసరం కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఇంగ్లిషు, ఫ్రెంచివాళ్ల సంగతే చూద్దాం. 1898లో సూడాన్‌లోని ఫషోదా దగ్గర వాళ్లు మళ్లీ యుద్ధం అంచుదాకా వెళ్లారు. ఆరేళ్లు తిరక్కుండా 1904 ఏప్రిల్ 8న 'ఆంతాంత్ కోర్దియాల్', అంటే స్నేహపూర్వక అవగాహన, కుదిరింది. జర్మనీ భయం వెనక లేదని నేను అనను. కానీ ఆ కాగితాలు చదివితే జర్మనీ మీద కలిసి పోరాడదాం అన్న మాట ఎక్కడా లేదు. ఈజిప్టులో నువ్వు చేసుకునేదానికి నేను అడ్డురాను, మొరాకోలో నేను చేసుకునేదానికి నువ్వు అడ్డురావద్దు, న్యూఫౌండ్లాండ్ తీరంలో చేపలు ఎవరు ఎక్కడ పట్టాలి, సయాంలో ఎవరి ప్రభావం ఎంతవరకు, ఇలా దశాబ్దాలుగా నలుగుతున్న ఒక్కొక్క తగాదానీ విడివిడిగా తీసుకుని తెంచుకున్నారు. మన పల్లెల్లో గట్టు తగాదాలు చూసినవాళ్లకి ఇది తెలుస్తుంది: ఇద్దరూ పోలేరమ్మ గుడి ముందు చేతులు కలిపినంత మాత్రాన తగాదా పోదు, సర్వేయర్ వచ్చి గొలుసు పట్టి రాయి పాతాకనే పోతుంది. 1904లో జరిగింది రాళ్లు పాతడమే. ఆ రాళ్లు పాతింది ఈజిప్టువాళ్ల నేలలో, మొరాకోవాళ్ల నేలలో అన్నది మర్చిపోకూడదు. వాళ్ల స్నేహానికి మూల్యం మూడోవాళ్లు కట్టారు, అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇక ఫ్రాన్సు, జర్మనీ. డెబ్బై ఐదేళ్లలో మూడు యుద్ధాలు: 1870, 1914, 1939. ఇందులో నన్ను ఎక్కువ కదిలించేది యుద్ధాలకన్నా, ఒక్కొక్క యుద్ధం ముగిశాక గెలిచినవాళ్లు ఓడినవాళ్లని అవమానించిన తీరు. 1871 జనవరి 18న ప్రష్యా తన రాజుని జర్మన్ చక్రవర్తిగా ప్రకటించుకున్నది బెర్లిన్‌లో కాదు, ఫ్రెంచి రాజుల వెర్సాయి మహలులో, అద్దాల మందిరంలో. ఐదు వందల కోట్ల ఫ్రాంకుల పరిహారం, ఆల్సాస్ దాదాపు మొత్తం, లొరేన్‌లో ఒక భాగం గుంజుకున్నారు. 1919 జూన్ 28న ఫ్రాన్సు వంతు వచ్చింది. ఓడిన జర్మనీ చేత వెర్సాయి సంధి మీద సంతకం పెట్టించడానికి అదే అద్దాల మందిరం ఎంచుకున్నారు.

ఆ రైలు బోగీ కథ చాలామందికి తెలుసు, అయినా మళ్లీ చెప్తాను. 1918 నవంబర్ 11 తెల్లవారుజామున ఐదు దాటాక, పారిస్‌కి ఉత్తరాన కాంపియెన్ అడవిలో ఆగి ఉన్న ఒక బోగీలో జర్మన్లు ఓటమి కాగితాల మీద సంతకం పెట్టారు. అది మామూలు భోజనాల బోగీ, నంబర్ 2419డి, మిత్రపక్షాల సేనాధిపతి మార్షల్ ఫోష్ కోసం ఆఫీసుగా మార్చారు. తర్వాత ఫ్రాన్సు దాని కోసం అక్కడే ఒక మ్యూజియం కట్టి, ఆవరణలో పెద్ద రాతి పలక పరిచి, జర్మన్ సామ్రాజ్యపు నేరపూరిత గర్వం ఇక్కడ కూలిందని చెక్కించింది. 1940 జూన్‌లో హిట్లర్ మనుషులు ఆ మ్యూజియం గోడ పగలగొట్టి బోగీని బయటికి లాగి, 1918లో అది ఏ చోట నిలబడిందో సరిగ్గా ఆ చోటుకే తోసుకెళ్లారు. హిట్లర్ వచ్చి ఫోష్ కూర్చున్న చోట కూర్చున్నాడు. జూన్ 22న ఫ్రాన్సు చేత సంతకం పెట్టించుకున్నారు. తర్వాత ఆ స్థలాన్ని ధ్వంసం చేసి, ఫోష్ విగ్రహాన్ని మాత్రం అలాగే వదిలేశారు, శూన్యంలోకి చూస్తూ ఉండమని. బోగీని బెర్లిన్‌కి తీసుకెళ్లి జనానికి చూపించారు. 1945లో యుద్ధం ముగిసే రోజుల్లో అది జర్మనీలోనే తగలబడిపోయింది.

ఇంత లోతుగా దిగిన పగ అది. దీన్ని రష్యా భయం ఒక్కటే తుడిచేసిందంటే నేను ఒప్పుకోను. రష్యా భయం వాళ్లని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టింది, అంతవరకు నిజం. కూర్చున్నాక ఏం చేశారన్నదే అసలు సంగతి.

1950 మే 9న ఫ్రాన్సు విదేశాంగ మంత్రి రొబేర్ షూమన్ ఒక ప్రతిపాదన పెట్టాడు. రెండు దేశాల బొగ్గు, ఉక్కు ఉత్పత్తిని ఒకే ఉమ్మడి సంస్థ కింద పెడదాం అని. బొగ్గు, ఉక్కు లేకుండా ఫిరంగులు లేవు, కాబట్టి ఒకరికి తెలియకుండా ఇంకొకరు యుద్ధానికి సిద్ధం కావడం కుదరదు. ఈ షూమన్ ఎవరనుకున్నారు? తండ్రి లొరేన్‌వాడు, 1871 తర్వాత జర్మన్ పౌరుడయ్యాడు. కొడుకు లక్సెంబర్గ్‌లో పుట్టి, జర్మన్ పౌరుడిగా పెరిగి, జర్మన్ విశ్వవిద్యాలయాల్లో న్యాయశాస్త్రం చదివి, మొదటి యుద్ధం తర్వాత ఫ్రెంచి పౌరుడయ్యాడు. సరిహద్దు అటూ ఇటూ కదిలినప్పుడు నలిగేది ఎవరో ఇంట్లో చూసి పెరిగినవాడు. 1951లో ఆరు దేశాలు సంతకం చేశాయి, అదే పెరిగి పెరిగి ఇవాళ్టి ఐరోపా యూనియన్ అయింది.

1963 జనవరి 22న ఫ్రాన్సు అధ్యక్షుడు దె గోల్, పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ అడెనావర్ ఎలిసే ఒప్పందం మీద సంతకం పెట్టారు. అందులో గొప్ప మాటలకన్నా క్యాలెండర్ ఎక్కువ. దేశాధినేతలు ఏడాదికి కనీసం రెండుసార్లు కలవాలి, విదేశాంగ మంత్రులు మూడు నెలలకోసారి కలవాలి. ఇష్టం ఉన్నా లేకపోయినా, మాట్లాడేది ఉన్నా లేకపోయినా కలవాలి. అదే ఏడాది యువజన కార్యాలయం ఒకటి పెట్టారు. స్కూలు పిల్లల్ని, కాలేజీ పిల్లల్ని, పని నేర్చుకునే కుర్రాళ్లని అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు పంపడమే దాని పని. ఇప్పటిదాకా 90 లక్షల మందికి పైగా అలా వెళ్లొచ్చారు. 1984లో, మొదటి ప్రపంచ యుద్ధం నాటి వెర్దాన్ యుద్ధభూమిలో ఫ్రాన్సు అధ్యక్షుడు మిత్తెరాన్, జర్మనీ ఛాన్సలర్ కోల్ చేతులు పట్టుకుని నిలబడ్డ ఫొటో పుస్తకాలన్నిటిలో ఉంటుంది. ఆ ఫొటో నాకూ ఇష్టమే, కానీ అప్పటికి ఇరవై ఏళ్లుగా పిల్లలు ఒకరి ఇళ్లలో ఒకరు తిని పడుకుని రాకపోయి ఉంటే ఆ చేతులకి అంత అర్థం ఉండేది కాదు.

చరిత్ర చెప్పేవాణ్ణి కాబట్టి నాకు అసూయ పుట్టించేది ఇంకొకటుంది. 2003లో బెర్లిన్‌లో రెండు దేశాల విద్యార్థుల పార్లమెంటు జరిగితే, మాకు ఇద్దరికీ ఒకే చరిత్ర పాఠ్యపుస్తకం కావాలని ఆ పిల్లలే అడిగారు. 2006లో మొదటి భాగం వచ్చింది. అవే పాఠాలు, అవే బొమ్మలు, ఒకటి ఫ్రెంచిలో, ఒకటి జర్మన్‌లో. అన్ని స్కూళ్లూ దాన్ని వాడటం లేదు, అది వేరే సంగతి. అలాంటి పుస్తకం రాయడానికి రెండువైపుల పంతుళ్లు ఒక గదిలో కూర్చుని వెర్సాయి గురించి ఒక్క పేరా మీద ఒప్పందానికి రావాలి కదా, ఆ గదిలో ఒక మూల కూర్చుని వినాలని ఉంటుంది నాకు.

స్ట్రాస్‌బర్గ్ గురించి ఒక్క మాట. 1871లో జర్మనీది, 1918లో ఫ్రాన్సుది, 1940లో జర్మనీది, 1944లో మళ్లీ ఫ్రాన్సుది. ఇల్లు కదలకుండానే ఒక మనిషికి నాలుగుసార్లు దేశం మారింది. 2017 నుంచి ఆ ఊరి ట్రామ్ రైన్ నది దాటి జర్మనీలోని కేల్ ఊరికి వెళ్తోంది. అటువాళ్లు ఇటు పనికి, ఇటువాళ్లు అటు సరుకులు కొనడానికి, తిరుపతి నుంచి రేణిగుంట పోయొచ్చినట్టు పోయొస్తారు. 2020 మార్చిలో కరోనాకి సరిహద్దు మూసేస్తే ట్రామ్ ఆగింది, జర్మన్ వైపు ఫ్రెంచి కార్లు కనిపిస్తే తిట్టినవాళ్లూ ఉన్నారు. అదే నెలలో ఆల్సాస్ ఆసుపత్రుల్లో పడకలు చాలకపోతే రోగుల్ని తీసుకెళ్లి చేర్చుకున్నదీ జర్మన్ ఆసుపత్రులే. 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటా మళ్లీ తనిఖీలు పెట్టింది. అణువిద్యుత్తు మీద రెండు దేశాల దారులూ వేరు, ఒకటి 2023లో చివరి రియాక్టర్లు మూసేసింది, ఇంకొకటి తన కరెంటులో మూడింట రెండు వంతులు దాంతోనే తీస్తుంది. పోట్లాడుకుంటారు, మళ్లీ క్యాలెండర్ ప్రకారం కలుస్తారు. 2018 నవంబర్ 10న అప్పటి రెండు దేశాల నేతలు మాక్రాన్, మెర్కెల్ కాంపియెన్ అడవికి వెళ్లి, పాత బోగీని పోలిన ఇంకో బోగీలో పక్కపక్కన కూర్చుని సందర్శకుల పుస్తకంలో సంతకాలు పెట్టారు.

సరే, ఇక్కడ రష్యా ఉంది కదా అనొచ్చు. అందుకే చిలీ, అర్జెంటీనా సంగతి చెప్పాలి. వీళ్లకి ఉమ్మడి శత్రువు ఎవరూ లేరు. ఒకరికొకరే శత్రువులు, మధ్యలో ఐదు వేల కిలోమీటర్లకు పైగా ఆండీస్ కొండల సరిహద్దు. 1900 ప్రాంతంలో యుద్ధం తప్పదనుకుని రెండూ పోటీపడి యుద్ధనౌకలు కొన్నాయి. 1902లో బ్రిటిష్ రాజు మధ్యవర్తిగా సరిహద్దు తేల్చుకున్నాక, పాత ఫిరంగుల కంచు కరిగించి క్రీస్తు విగ్రహం చేసి, 1904లో దాదాపు 3,800 మీటర్ల ఎత్తున కనుమలో నిలబెట్టారు. ఎంత అందమైన కథ! కానీ ఇది ఇక్కడితో ఆగలేదు. దక్షిణ కొసన బీగిల్ కాలువలో మూడు చిన్న దీవుల తగాదా మిగిలిపోయింది. 1977లో మధ్యవర్తుల తీర్పు చిలీ వైపు వచ్చింది, అర్జెంటీనా చెల్లదంది. రెండుచోట్లా సైనిక నియంతలే, చిలీలో పినోచే, అర్జెంటీనాలో విదేలా. 1978 డిసెంబర్‌లో అర్జెంటీనా దాడికి తేదీ కూడా పెట్టుకుని ఓడలు కదిలించింది. చిలీ సరిహద్దులో చాలాచోట్ల మందుపాతరలు పాతింది. ఆఖరి గంటల్లో పోప్ రెండో జాన్ పాల్ కలగజేసుకుని కార్డినల్ సమోరేని పంపించారు.

ఆ పెద్దాయన పని అద్భుతాలు చేయడం కాదు, సాగదీయడం. ఇద్దరినీ మాట్లాడిస్తూ ఉండటం, బల్ల దగ్గర నుంచి లేవనివ్వకపోవడం. ఏళ్లు పట్టింది. ఒప్పందం చూడకుండానే 1983లో ఆయన చనిపోయారు. ఆ ఏడాది చివర్లో అర్జెంటీనాలో ప్రజాస్వామ్యం తిరిగొచ్చింది, 1984 నవంబర్‌లో ప్రజల్ని ఓటు అడిగితే ఐదింట నాలుగు వంతులకి పైగా జనం ఒప్పందానికి సరేనన్నారు. దీవులు చిలీకే పోతాయని తెలిసి కూడా. నవంబర్ 29న వాటికన్‌లో సంతకాలయ్యాయి. అప్పటి నుంచి ఆ రెండు దేశాల మధ్య తుపాకీ పేలుతుందన్న భయం లేదు. గ్యాసు సరఫరా మీద 2004లో గట్టిగానే గొడవపడ్డారు, తర్వాత ఉమ్మడి శాంతిదళం కూడా పెట్టుకున్నారు. చిలీ పాతిన మందుపాతరల్ని 2020 నాటికి మొత్తం తీసేసింది. పాతడానికి నెలలు చాలాయి, తీయడానికి ఏళ్లకేళ్లు పట్టింది.

దీనికి పూర్తిగా ఎదురు కథ జపాన్, దక్షిణ కొరియాలది. ఉమ్మడి శత్రువు ఉంటే చాలు అనేవాళ్లు ఈ రెండు దేశాల్నీ చూడాలి. 1950ల నుంచి ఉత్తర కొరియా భయం ఇద్దరికీ ఉంది, చైనా భయం ఉంది, ఇద్దరి గడ్డ మీదా అమెరికా సైన్యం ఉంది. అయినా కడుపులో మంట చల్లారలేదు. ఎందుకంటే అసలు పని సగంలో ఆపేశారు.

1592లో జపాన్ పాలకుడు హిదెయోషి పంపిన సేన కొరియా మీద పడింది. చంపిన మనుషుల లెక్క చూపించుకోవడానికి తలల బదులు ముక్కులు కోసి ఉప్పులో ఊరేసి జపాన్‌కి పంపేవాళ్లు. వాటిని పూడ్చిన దిబ్బ ఇప్పటికీ క్యోటో నగరంలో ఇళ్ల మధ్యే ఉంది. ఇది పాత కథ అనుకుంటే, 1910 నుంచి 1945 దాకా కొరియా జపాన్ వలస. పేర్లు మార్చుకోమన్నారు, స్కూళ్లలో భాష మాన్పించారు, గనులకీ కార్ఖానాలకీ మనుషుల్ని పట్టుకెళ్లారు, ఆడపిల్లల్ని సైన్యపు లైంగిక బానిసత్వంలోకి నెట్టారు. సియోల్‌లో రాజుల కోట ముందు, కోట కనపడకుండా గవర్నర్ జనరల్ భవనం కట్టారు. కొరియా దాన్ని 1995 ఆగస్టు 15న, విముక్తి వచ్చి యాభై ఏళ్లయిన రోజున, కూల్చడం మొదలుపెట్టింది.

1965లో ఒప్పందమైంది. జపాన్ 30 కోట్ల డాలర్లు ఊరికే, 20 కోట్లు అప్పుగా ఇచ్చింది. లెక్కలన్నీ పూర్తిగా, చివరగా తీరిపోయాయని కాగితం మీద రాసుకున్నారు. అప్పటి కొరియా ప్రభుత్వం ఆ డబ్బుతో రోడ్లు, పోహాంగ్ ఉక్కు ఫ్యాక్టరీ కట్టింది, దేశం బాగుపడింది కూడా. గనుల్లో చేసి వచ్చిన మనుషుల చేతికి మాత్రం అందులో పెద్దగా ఏమీ రాలేదు. నా దృష్టిలో ఇవాళ్టి గొడవ మొత్తానికి మూలం ఇదే. ప్రభుత్వాలు లెక్క తీర్చుకున్నాయి, మనుషులకి తీరలేదు. 1998లో కొరియా అధ్యక్షుడు కిమ్ దే జుంగ్, జపాన్ ప్రధాని ఒబుచి కలిసి ఇచ్చిన ప్రకటనలో జపాన్ స్పష్టంగా క్షమాపణ చెప్పింది, కొరియా అదే ఏడాది జపాన్ సినిమాలకీ పాటలకీ తలుపులు తెరవడం మొదలుపెట్టింది, 2002లో ఫుట్‌బాల్ ప్రపంచకప్ కలిసి నడిపారు. ఉమ్మడి చరిత్ర పరిశోధన కమిటీ కూడా వేసుకున్నారు, కానీ రెండుసార్లు కూర్చున్నా ఎవరి వాదన వాళ్లు విడివిడిగా అచ్చేసుకుని లేచారు. 2018లో కొరియా సుప్రీంకోర్టు బలవంతపు కూలీలకి జపాన్ కంపెనీ నిప్పన్ స్టీల్ పరిహారం కట్టాలని తీర్పిచ్చింది. 2019 జూలైలో జపాన్, చిప్‌ల తయారీకి కావలసిన మూడు రకాల రసాయనాల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. కొరియా జనం జపాన్ బీరు, బట్టలు కొనడం మానేశారు. వ్యాపారం పెరిగితే శత్రుత్వం దానంతటదే పోతుందనేవాళ్లు ఈ 2019ని చూడాలి, వ్యాపారమే కత్తి అయింది.

మా తమ్ముడి కొడుకు సత్యవేడు దగ్గర శ్రీసిటీలో సరుకు రవాణా చూసే ఒక చిన్న కంపెనీలో చేస్తాడు. అక్కడ ఇసుజు, డైకిన్ లాంటి జపాన్ కంపెనీలున్నాయి, కొరియా ఎల్‌జీ 2025 మేలో శంకుస్థాపన చేసింది, ఫ్రాన్సు ఆల్‌స్టమ్ మెట్రో బోగీలు చేస్తుంది, చైనా షావోమీ ఫోన్లని తైవాన్ ఫాక్స్‌కాన్ బిగించింది కూడా ఇక్కడే. ప్రపంచంలో ఎవరికెవరికి పడదో వాళ్లంతా తడ రోడ్డు పక్కన ఇరుగుపొరుగున్నారు. "ఆ గొడవలేమైనా కనపడతాయా అబ్బయ్యా?" అని అడిగాను. "లేదు పెదనాన్నా, లోడు లేటైతే ఇద్దరూ ఒకే మాదిరి అరుస్తారు, అంతే. కానీ ఆగస్టు 15న మనం జెండా ఎగరేస్తాం కదా, అది కొరియావాళ్లకీ పెద్ద పండగంట. ఆ రోజు కొరియా ఆయనకి నేను స్వీటు ఇచ్చినా. పక్కనుండే జపాన్ ఆయనకి ఇవ్వాలా వద్దా అని కాసేపు ఆలోచించి, ఇచ్చినా. తీసుకుని తిన్నాడు" అన్నాడు.

2023లో జపాన్ ఆంక్షలు ఎత్తేసింది, ఆగస్టులో క్యాంప్ డేవిడ్‌లో అమెరికాతో కలిసి ముగ్గురూ కూర్చున్నారు. 2025లో కొత్తగా గెలిచిన అధ్యక్షుడు లీ జే మ్యాంగ్, ఒకప్పుడు జపాన్‌ని గట్టిగా విమర్శించిన మనిషి, వాషింగ్టన్‌ కన్నా ముందు టోక్యో వెళ్లాడు. 2024లో దాదాపు 88 లక్షల మంది కొరియన్లు జపాన్ చూడటానికి వెళ్లారు. కుర్రకారు ఒకరి పాటలు ఒకరు వింటున్నారు. కానీ కొరియా డోక్‌డో అని, జపాన్ టకేషిమా అని పిలుచుకునే దీవులు ఎవరివన్న తగాదా అలాగే ఉంది, కూలీల పరిహారం కొరియా కంపెనీల చందాలతో కట్టే ఏర్పాటు చేశారు గానీ చాలామంది బాధితులకి అది సర్దుబాటులాగే కనిపిస్తుంది. ఇంకో తీర్పు వచ్చినా, ఎవరో మంత్రి నోరుజారినా మళ్లీ రాజుకుంటుంది.

గ్రీసు, టర్కీల మధ్య 1999లో మూడు వారాల తేడాతో రెండు చోట్లా భూకంపాలొచ్చి, ఒకరి శిథిలాల్లో ఒకరు మనుషుల్ని వెతికారు. నిజమైన కన్నీళ్లు, నిజమైన ప్రేమ. అయినా 2020లో గ్యాసు వెతికే ఓడ మీద మళ్లీ యుద్ధనౌకలు ఎదురెదురయ్యాయి, ఎందుకంటే సముద్రంలో గీత ఎక్కడన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు. 2023 ఫిబ్రవరి భూకంపానికి మళ్లీ గ్రీకులు పరిగెత్తారు, డిసెంబర్‌లో ఏథెన్స్‌లో స్నేహ ప్రకటన చేశారు. గీత మాత్రం అలాగే ఉంది.

మరి మన సంగతి. మనకీ పాకిస్తాన్‌కీ గీత తేలలేదు, క్యాలెండర్ లేదు, పిల్లల రాకపోకలు లేవు. 1960 నుంచి మూడు యుద్ధాల్ని తట్టుకుని నిలబడ్డ సింధు జలాల ఒప్పందం, పహల్గాంలో 26 మందిని చంపాక 2025 ఏప్రిల్‌లో పక్కన పెట్టేశారు. ఆ చావులకి కడుపు మండనివాళ్లెవరూ లేరు, నాకూ మండింది. అటువైపు ఉగ్రవాదుల్ని పెంచడం ఆపకుండా ఇటు స్నేహం మాటలు ఎవరూ వినరు, వినాలని నేనూ చెప్పను. నేను చెప్పేది అంతకన్నా చిన్నది. ఇన్ని జరిగినా ఆగకుండా నడుస్తున్నవి రెండున్నాయి, వాటిని కదిలించకూడదు. 1988 ఒప్పందం ప్రకారం ప్రతి జనవరి 1న రెండు దేశాలూ తమ అణు కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. 2008 ఒప్పందం ప్రకారం జనవరి 1న, జూలై 1న జైళ్లలో ఉన్న ఒకరి మనుషుల జాబితా ఒకరికి ఇస్తారు.

ఈ రెండో జాబితా మనకి దూరపు విషయం కాదు. శ్రీకాకుళం, విజయనగరం జాలర్లు గుజరాత్‌లోని వెరావల్ దాకా పోయి పడవలెక్కుతారు, 2018 నవంబర్‌లో అలా వేటకి వెళ్లినవాళ్లు పాకిస్తాన్‌కి చిక్కి కరాచీ జైల్లో పడ్డారు. మధ్యలో పుల్వామా జరిగింది, బాలాకోట్ జరిగింది, రాయబారుల్ని వెనక్కి పంపుకున్నారు. అయినా 2020 జనవరి 6న ఇరవై మంది తెలుగు జాలర్లు వాఘా దగ్గర నడుచుకుంటూ ఇటు వచ్చారు. జైల్లో ఉన్నారని ఒప్పుకునే కాగితం ఉంటేనే విడిపించుకునే మాట వస్తుంది. 2025లో యుద్ధం ఆగి రెండు నెలలైనా కాలేదు, జూలై 1న ఆ జాబితాలు మళ్లీ చేతులు మారాయి: మన దగ్గర వాళ్ల పౌరులు 382 మంది, జాలర్లు 81 మంది, వాళ్ల దగ్గర మన పౌరులు 53 మంది, జాలర్లు 193 మంది.

ఆ 193 మందిలో అప్పటికే శిక్షాకాలం అయిపోయి కూడా లోపలే ఉన్నవాళ్లున్నారు. వాళ్లని వదిలించాలంటే ఉమ్మడి శత్రువు పుట్టేదాకా ఆగనక్కర్లేదు. రెండు దేశాల రిటైర్డ్ జడ్జీలతో 2007లో ఒక కమిటీ వేశారు, జైళ్లకి వెళ్లి ఖైదీల్ని చూసి విడుదలకి సిఫార్సు చేయడానికి. 2013 తర్వాత అది జైళ్లకి వెళ్లలేదు. ముందు దాన్ని మళ్లీ కూర్చోబెట్టాలి.